ఎముక లేని జీవి: అష్టపాది పరిశీలన చరిత్ర – కడప సీమ నుంచి ఒక చూపు

ప్రవేశిక

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఈ మూడూ సముద్రం లేని ఊళ్ళు. మొదటి రెండు ఊళ్ళ పక్కగా పారే పెన్నేరు నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుందని బడిలో చదువుకుంటాం, అంతే. అయితే ఇక్కడి నేల మాత్రం సముద్రం పరిచిన నేలే. 1872లో విలియం కింగ్ ప్రచురించిన కడప, కర్నూలు శిలల వివరణలో ఒక శిలావర్గానికి జమ్మలమడుగు పేరే ఉంది. మన ఇళ్ళలో పరిచే నాపరాయి ఒకప్పటి సముద్రగర్భంలో పేరుకున్న సున్నపు బురద. వేంపల్లె సున్నపురాళ్ళలో ఉల్లిపొరల్లా కనిపించే స్ట్రోమటోలైట్లు సూక్ష్మజీవులు కట్టిన కట్టడాలు. పులివెందుల దగ్గర ఆ శిలల్లోకి చొచ్చుకువచ్చిన అగ్నిశిల వయస్సు దాదాపు 190 కోట్ల ఏళ్ళని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అంటే ఇక్కడి సముద్రం జంతువులకన్నా పాతది. దానిలో శంఖం లేదు, చేప లేదు.

ఇటువంటి చోట కూర్చుని అష్టపాదిని గురించి, అంటే ఆక్టోపస్‌ను గురించి, చరిత్ర వ్యాసం రాయడం విడ్డూరంగా తోచవచ్చు. ఈ వ్యాసకర్తకు ఆ ఆలోచన తరగతి గదిలో కలిగింది. డిగ్రీ విద్యార్థులకు పారిభాషిక పదాల పాఠం చెబుతూ ‘ఆక్టోపస్’ అంటే ఏమి గుర్తుకువస్తుందని అడిగినప్పుడు మొదట వచ్చిన జవాబు “పోలీసులు, మేడం” అని. 2007లో మన రాష్ట్రంలో ఏర్పడిన ఉగ్రవాద నిరోధక దళానికి ఆ పేరుంది గనుక అది తప్పు జవాబు కాదు. ఇంకొకరు ఫుట్‌బాల్ జోస్యం చెప్పిన ఆక్టోపస్ గురించి తమ నాన్న చెప్పగా విన్నామన్నారు. 2010 ప్రపంచ కప్పు సమయంలో జర్మనీలోని ఓబర్‌హౌసెన్ అక్వేరియంలో ఉన్న పాల్ సంగతి అది. అడిగిన ఎనిమిది ఆటలకూ అది సరిగానే జోస్యం చెప్పి, ఆ అక్టోబరులో చనిపోయింది. మూడో జవాబు సినిమాలో ఓడను ముంచే రాక్షసి. దళం, జోస్యం, రాక్షసి అన్నీ వచ్చాయి గాని జంతువు రాలేదు. పేరు తెలిసి ప్రాణి తెలియకపోవడానికి కారణమేమిటన్న ప్రశ్న నుంచే ఈ వ్యాసం పుట్టింది.

అంగడికి చేరినది, చేరనిది

సముద్రం చూడని కడప సీమకు సముద్రపు వస్తువులు పూర్తిగా కొత్త కాదు. ఉప్పు, ముత్యం, పగడం, శంఖం అంగళ్ళ దారిన వచ్చినవే. వాటితోపాటు మూలికల అంగళ్ళకు చేరిన మరొక వస్తువు సముద్రఫేనం, వాడుకలో సముద్రపు నురుగు. తెల్లగా, కోలగా, బెండులా తేలికగా ఉంటుంది. గోటితో గీస్తే పొడి రాలుతుంది. చెవిలో చీము కారితే ఈ పొడిని వాడడం పాత ఇళ్ళలో తెలిసిన వైద్యమే. కంటి రెప్పల లోపలి గరుకును గీకే చికిత్సలో సుశ్రుత సంహిత కూడా దీనిని చెబుతుంది. పాశ్చాత్య కంసాలులు దీనిని రెండుగా కోసి, మధ్య నమూనా అదిమి, ఆ గుంటలో కరిగిన వెండినీ బంగారాన్నీ పోసి చిన్న నగలు పోతపోసేవారు. బంగారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరివారికి ఈ సంగతి ఆసక్తి కలిగించవచ్చు.

నిజానికి ఇది నురుగు కాదు. అష్టపాదికి దగ్గరి చుట్టమైన కటిల్ ఫిష్ అనే ప్రాణి శరీరంలోపల ఉండే పెంకు. సన్నని అరలలో గాలి నింపుకుని నీటిలో తేలడానికి ఆ ప్రాణి దీనిని వాడుకుంటుంది. అది చచ్చి మెత్తని శరీరం కుళ్ళిపోయాక పెంకు తేలుతూ ఒడ్డుకు కొట్టుకువస్తుంది. ఒడ్డున దొరికిన వస్తువును చూసి, దానిని మోసిన జీవిని చూడనివారు పెట్టిన పేరు సముద్రఫేనం. అలల మీద తెల్లగా తేలినది గట్టిపడిన నురుగే అయివుంటుందని వారు అనుకున్నారు.

అమరకోశం ఇక్కడ మంచి సాక్ష్యమిస్తుంది. అమరసింహుడు చేపలనూ తాబేళ్ళనూ ఎండ్రకాయలనూ శంఖాలనూ వారివర్గంలో చెప్పాడు. డిండీరం, అబ్ధికఫం, ఫేనం అన్న పర్యాయాలున్న ఈ వస్తువును మాత్రం వారివర్గంలో చేర్చలేదు. అది వైశ్యవర్గంలో, సిందూరం వంటి సరుకుల సరసన ఉంది. అబ్ధికఫం అంటే సముద్రుడి శ్లేష్మం! దీనిని అమరుడి పొరపాటుగా చూడడం సరికాదని నా అభిప్రాయం. అతని కాలపు జ్ఞానంలో అది ప్రాణి అవయవం కాదు, బేరానికి వచ్చే సరుకు. వస్తువు ఏ దారిన మనకు చేరిందో ఆ దారే దాని అర్థాన్ని నిర్ణయించింది.

అష్టపాదికి ఈ దారి కూడా లేదు. సాధారణ అష్టపాది శరీరంలో పెంకు పరిణామక్రమంలో దాదాపు అంతరించింది. దానిలో గట్టిగా ఉండే ముఖ్యభాగం చిలుక ముక్కులాంటి నోరు ఒక్కటే. (జోస్యం చెప్పిన పాల్‌కూ మన చిలక జోస్యానికీ ఉన్న పోలిక అక్కడితో సరి.) ముక్కు పట్టే సందులోంచి శరీరమంతా దూరిపోగలదు. చచ్చిన తరువాత అది ఎండి, రాలి, మూటలో కట్టి రేవు నుంచి రాయలసీమకు పంపడానికి వీలైన రూపంలో ఏదీ మిగలదు. కటిల్ ఫిష్ ప్రొద్దుటూరుకు ఎముకగా వచ్చింది. అష్టపాది రాలేదు. దానిని తెలుసుకోవాలంటే బతికి ఉన్నదానినే చూడాలి. ఆ చూపు ఏర్పడడానికి లోకానికి చాలాకాలం పట్టింది.

చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ

1953 దాకా కడప జిల్లా మద్రాసుతోనే ఉంది. ఎర్రగుంట్ల, ముద్దనూరు స్టేషన్లలో రైలెక్కి చదువుకో వైద్యానికో కోర్టు పనికో మద్రాసు వెళ్ళినవారికి అక్కడ చూడదగ్గవి రెండు ఉండేవి. ఒకటి 1851లో మొదలైన మ్యూజియం. రెండోది 1855లో ఎడ్వర్డ్ బాల్ఫోర్ పూనికతో ఆ మ్యూజియం ఆవరణలోనే మొదలై తరువాత పీపుల్స్ పార్కుకు తరలిన జంతుప్రదర్శనశాల. సామాన్య జనం మొదటిదాన్ని ‘చచ్చిన కాలేజీ’ అనీ రెండోదాన్ని ‘బతికిన కాలేజీ’ అనీ పిలిచారు. తమిళంలో ‘సెత్త కాలేజీ’, ‘ఉయిర్ కాలేజీ’. చదువురానివారు పెట్టిన ఈ పేర్లలో ఒక జ్ఞానసిద్ధాంతమే ఉంది. రెండూ కాలేజీలే, అంటే రెండు చోట్లా నేర్చుకునేది ఉంది. కాని నేర్చుకునేది ఒకటి కాదు.

పులి విషయంలో ఈ తేడా మరీ పెద్దది కాదు. చర్మంలో గడ్డి కూరినా పులి పులిలాగే ఉంటుంది. అష్టపాదిని స్పిరిట్ సీసాలో ఉంచితే రంగు పోతుంది, చర్మం ముడుచుకుపోతుంది, చేతులు చుట్టుకుపోతాయి. బతికి ఉండగా క్షణంలో ఇసుకలా, రాయిలా, నాచులా మారిన చర్మం సీసాలో పాలిపోయిన తోలుముక్క. ఎనిమిది చేతులు లెక్కపెట్టవచ్చు, వాటి మీది పీల్చుబుడిపెలను లెక్కపెట్టవచ్చు. ఆపైన చచ్చిన కాలేజీ చెప్పగలిగినది తక్కువ. బతికిన కాలేజీకీ అష్టపాదిని పెట్టే చోటు లేదు, ఎందుకంటే బోనులో సముద్రం పట్టదు.

ఈ రెండింటి నడుమ మూడోది 1909 అక్టోబరులో మెరీనా తీరాన తెరుచుకుంది. మద్రాసు సముద్ర అక్వేరియానికి ఆలోచన మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్స్టన్‌ది. దక్షిణ భారత కులాలు, తెగల గురించి సంపుటాలు కూర్చినవాడిగా తెలుగు పరిశోధకులకు ఆయన సుపరిచితుడు. సముద్రపు నీటిని తొట్లలోకి తెచ్చి, గాజు వెనుక బతికిన జలచరాలను జనానికి చూపిన ఆ శాల 1919లో మత్స్యశాఖ చేతికి వెళ్ళింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, బాంబుల భయంతో మూతపడింది. మూడు దశాబ్దాలకు పైగా కడప వైపు రైలు ప్రయాణికుడికి కూడా సముద్రం లోపలి బతుకు టిక్కెట్టు దూరంలో ఉండేది.

గాజు వెనుక

గాజుతొట్టికి ముందూ చూసినవారున్నారు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ జంతువుల చరిత్రలో అష్టపాది రంగు మార్చి రాళ్ళలో కలిసిపోవడం, తిన్న ఎండ్రకాయల పెంకులను గూటి బయట పారేయడం నమోదు చేశాడు. వెంటనే దానిని తెలివితక్కువ జంతువన్నాడు. నీటిలో చెయ్యి పెడితే పారిపోక దగ్గరికే వస్తుందట, అదీ కారణం. ఈనాటి పరిశీలకులు సరిగ్గా అదే చేష్టను కుతూహలానికి గుర్తుగా చెబుతున్నారు. చూసినది ఒకటే. ఇరవై మూడు శతాబ్దాలలో మారినది తీర్పు. చరిత్రకారుడికి ఇది ఒక హెచ్చరిక. పరిశీలన అనుకున్నదానిలో సగం చూసేవాడి అంచనాయే.

తొట్టిని పరిశీలన సాధనంగా మార్చిన ఘనత ఒక కుట్టుపని చేసిన స్త్రీది. 1794లో ఫ్రాన్స్ పల్లెలో పుట్టిన జాన్ విల్‌ప్రూ పవర్ ప్యారిస్‌లో దుస్తులు కుట్టి, పెళ్ళి తరువాత సిసిలీలోని మెస్సీనాలో స్థిరపడింది. అక్కడి సముద్రంలో ఆర్గొనాట్ అనే ప్రాణి ఉంది. అదీ ఎనిమిది చేతుల అష్టపాది జాతిదే. అయితే ఆడదానికి కాగితంలాంటి పలుచని అందమైన గుల్ల ఉంటుంది. ఆ గుల్ల దాని సొంతమా, మరో ప్రాణి గుల్లలో దూరిన అద్దె కాపురమా అన్నది చిరకాల వివాదం. చచ్చిన నమూనాలతో ఇది తేలదు, ఎందుకంటే ఆర్గొనాట్ శరీరం గుల్లకు అతుక్కుని ఉండదు. ఆమె 1832 నుంచి గాజుతొట్లు చేయించి, గుడ్ల నుంచి పిల్లలు రావడం, వాటికి గుల్ల పెరగడం రోజుల తరబడి చూసింది. గుల్లను ఒకచోట విరిచి, ఆ జీవి తన చేతులతో దానిని అతుకువేసుకోవడం చూపింది. సముద్రంలోనే దించి లంగరు వేసే బోనులు కూడా ఆమె రూపొందించింది. తొట్టికీ సముద్రానికీ మధ్య వంతెన అప్పుడే కట్టిందన్నమాట. 1838లో ఆమె సేకరణలు, పత్రాలలో ఎక్కువ భాగం ఓడ మునిగి పోయాయి. అక్వేరియం చరిత్ర రాసినవారు చాలాకాలం ఆమెను మరిచిపోవడానికి అదొక్కటే కారణమా అన్న సందేహం నాకుంది.

1866లో విక్టర్ హ్యూగో సముద్ర శ్రామికుల నవలలో అష్టపాదిని మనిషి రక్తం పీల్చే పిశాచంగా చిత్రించాడు. ఆ కల్పన పుణ్యమా అని 1870ల యూరపు అక్వేరియాలలో జనం ఎగబడ్డారు. బ్రైటన్ అక్వేరియంలో పనిచేసిన హెన్రీ లీ 1875లో అష్టపాది గురించి పుస్తకం రాస్తూ కల్పనలోని దెయ్యాన్నీ తొట్టిలోని వాస్తవాన్నీ పక్కపక్కన పెట్టి చూపాడు. కాని ఆ పుస్తకం శీర్షికలోనే ‘డెవిల్ ఫిష్’ అన్న పేరుంది. మన ఇంటర్ జంతుశాస్త్రంలో ఆక్టోపస్ పక్కన కుండలీకరణాల్లో ఈనాటికీ కనిపించేది ఆ పేరే. శాస్త్రం దెయ్యాన్ని వదిలించుకున్నా పాఠ్యపుస్తకం దాన్ని పట్టుకునే ఉంది.

1872లో ఆంటోన్ డోర్న్ నేపుల్స్‌లో స్థాపించిన జంతుశాస్త్ర కేంద్రంలో పరిశీలన ప్రయోగంగా మారింది. 1874లో తెరిచిన అక్వేరియం టిక్కెట్ల రాబడి పరిశోధనకు ఊతమయింది. ఇరవయ్యో శతాబ్దం నడుమ జె.జడ్. యంగ్, ఆయన సహచరులు అష్టపాది జ్ఞాపకశక్తిని అక్కడే శోధించారు. దాని దాదాపు 50 కోట్ల నాడీకణాలలో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉన్నాయన్నది ఇలాంటి శోధనల ఫలితమే. అయితే నేపుల్స్ నివేదికల్లో నాకు మరీ ముఖ్యమనిపించినది విఫలమైన ప్రయోగం. 1959లో పీటర్ డ్యూస్ ప్రచురించిన పత్రంలో ఆల్బర్ట్, బెర్ట్రమ్, చార్లెస్ అనే మూడు అష్టపాదులున్నాయి. మీట లాగితే చేప ముక్క దొరుకుతుంది. ఎలుకలూ పావురాలూ నేర్చినట్టు ఇవీ నేర్చుకుంటాయా అన్నది పరీక్ష. మొదటి రెండూ చెప్పినట్టే చేశాయి. చార్లెస్ కొన్ని చేతులతో తొట్టి గోడను పట్టుకుని, తక్కిన చేతులతో మీటను విరిచేసింది. పైన వేలాడే దీపాన్ని నీళ్ళలోకి లాగింది. ప్రయోగం చేస్తున్నవారి మీదికి నీళ్ళు చిమ్మింది. డ్యూస్ దీన్ని దాచకుండా రాయడం ఆయన నిజాయితీ. ఆ పత్రాన్ని చదువుతుంటే ఎవరు ఎవరిని పరిశీలిస్తున్నారన్న అనుమానం కలుగుతుంది.

గాజు చూపినది నిజమే గాని అది తొట్టిలోని అష్టపాది నిజం. పక్కవాడు లేని, దాక్కోవలసిన శత్రువు లేని, వేటాడవలసిన తిండి లేని బతుకు అది.

నీటిలోకి దిగాక

సముద్రంలో అష్టపాది స్వభావం మొదట తెలిసినది జాలర్లకే. మధ్యధరా తీరంలోనూ జపాన్‌లోనూ తాటికి వరుసగా మట్టి కుండలు కట్టి అడుగుకు దించేవారు. ఎర అక్కరలేదు. గూడు వెదికే జీవి కుండను ఇల్లనుకుని చేరుతుంది, కుండ పైకొస్తుంది. ఇది వలకన్నా పాత జ్ఞానమా కాదా అన్నది పక్కన పెడితే, ఆ జీవి మనసెరిగిన జ్ఞానం.

శాస్త్రజ్ఞులు నీటిలోకి దిగింది ఆలస్యంగా. 1980లలో జెన్నిఫర్ మేథర్ బెర్ముడా తీరంలో అష్టపాదుల వెంట ఈదుతూ, అవి గూడు ఎంచుకోవడం, రాళ్ళతో వాకిలి మూసుకోవడం, వేటకు వెళ్ళి దారి తప్పకుండా తిరిగి రావడం గమనించింది. గూటి బయట పెంకుల కుప్పను బట్టి ఏమి తిన్నదో లెక్కగట్టవచ్చని ఆమె పని చూపుతుంది. అరిస్టాటిల్ చూసిన కుప్పే అది. జూలియన్ ఫిన్ బృందం ఇండోనేషియా తీరంలో చూసి 2009లో ప్రచురించిన దృశ్యం మన కోనసీమవారికి నచ్చుతుంది. ఒక జాతి అష్టపాది మనుషులు పారేసిన కొబ్బరి చిప్పలను కడిగి, ఒకదానిలో ఒకటి పేర్చి, పొట్ట కింద పెట్టుకుని చేతుల కొసలపై కాళ్ళకర్రల నడకలా మోసుకుపోతుంది. అవసరమైనప్పుడు రెండు చిప్పలనూ మూసి లోపల దాక్కుంటుంది. ఇప్పుడు పనికిరాని వస్తువును రేపటి అవసరానికి మోసుకెళ్ళడం గనుక దీన్ని పనిముట్టు వాడకంగానే వారు వ్యాఖ్యానించారు. ఆ జాతి భారత సముద్రాలలోనూ ఉన్నదే. 2020లో వచ్చిన ‘మై ఆక్టోపస్ టీచర్’ చిత్రంలో క్రెయిగ్ ఫోస్టర్ దక్షిణాఫ్రికా తీరంలో ఒకే ఆడ అష్టపాది దగ్గరికి రోజూ వెళ్ళాడు. ఏడాదికి కాస్త అటూ ఇటూ ఉండే దాని బతుకులో అది చిన్న కాలమేమీ కాదు. ఈ చిత్రంలో కరుణ ఎక్కువై శాస్త్రం తగ్గిందన్న విమర్శలో కొంత నిజముంది. కాని రోజూ ఒకే చోటికి వెళ్ళడమన్న క్రమశిక్షణ శాస్త్రానిదే.

పేరు పెట్టినవారు

తెలుగు తీరంలో ఇటువంటి చూపుకు ఒక ఆరంభం ఉంది. వైద్యుడు ప్యాట్రిక్ రసెల్ 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా నియమితుడయ్యాడు. మన పాములపై ఆయన గ్రంథం 1796లోనూ, విశాఖలో సేకరించిన రెండు వందల చేపల గ్రంథం 1803లోనూ లండన్‌లో వెలువడ్డాయి. చేపలకు ఆయన రాసుకున్న పేర్లు తీరంలో జాలర్లు పలికినవి. సొర, పార వంటి మాటలు రోమన్ లిపిలో ఆ పుటలకెక్కాయి. 1829లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఒక జాతి బరకూడా చేపకు ‘స్ఫైరీనా జెల్లో’ అని పేరు పెట్టాడు. అందులోని ‘జెల్లో’ రసెల్ పుస్తకంలోని విశాఖ మాటే. నిఘంటుకారులు గుర్తించినా గుర్తించకపోయినా, రెండు వందల ఏళ్ళుగా ఒక తెలుగు జాలరి మాట శాస్త్రంలో చెల్లుతూ ఉంది.

రసెల్ సేకరించినది చేపలనే. అష్టపాది చేప కాదు. ఆ గ్రంథపు హద్దు మన భాషకూ ఒక హద్దయింది. పక్కనే తమిళ తీరంలో అష్టపాదిని పేయ్ కణవాయ్ అంటారు, అంటే దెయ్యపు కటిల్ ఫిష్. అంటే దెయ్యాన్ని చూసింది హ్యూగో ఒక్కడే కాదు. కాని తమిళ జాలరి పేరులో బంధుత్వ వివేకం కూడా ఉంది, అది కణవాయ్ కుటుంబానిదని అతనికి తెలుసు. ‘అష్టపాది’ చేతులను కాళ్ళుగా లెక్కపెట్టి చేసిన అనువాదం. ‘ఆక్టోపస్’ అరువు. రెండింటిలోనూ చూసినవాడి అనుభవం లేదు. తరగతిలో నా విద్యార్థులకు జంతువు గుర్తుకు రాకపోవడంలో వింతేమీ లేదని ఇక్కడ నాకు తోచింది.

1947లో మొదలైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ జీవులపై గట్టి పని చేసింది. 1985లో ఇ.జి. సైలస్ సంపాదకత్వంలో వెలువడిన శీర్షపాదుల సంపుటి దానికి సాక్ష్యం. అయితే రేవులో వల నుంచి దిగిన అష్టపాదిని కొలవడం, తూచడం ఆ పనిలో పెద్ద భాగం. జనం మాటల్లో చెబితే అది చచ్చిన కాలేజీయే, ఎంత అవసరమైనదైనా. విశాఖ, భీమిలి, కాకినాడ తీరాల్లో బతికినదాన్ని రోజూ చూసేవారు ఆ ఊళ్ళ జాలర్లు. చేతికి చుట్టుకున్న దాన్ని ఎలా విడిపించుకోవాలి, ఏ రాళ్ళలో ఉంటుంది, ఏ కాలంలో కనిపించదు అన్నవి వారి మాటల్లో ఉన్నాయి. మాండలిక పదకోశాలు వ్యవసాయానికీ చేనేతకూ చేసిన మేలు ఈ మాటలకూ చేయాలంటే తెలుగు శాఖల పరిశోధకులు పడవ ఎక్కవలసి ఉంటుంది. జంతుశాస్త్ర శాఖలు ఈ పని చేస్తాయని ఎదురుచూడడం న్యాయం కాదు, మాట మన శాఖ బాధ్యత.

ఈ వ్యాసం రాస్తున్న రోజుల్లో ప్రొద్దుటూరులో ఒక మూలికల అంగడికి వెళ్ళి సముద్రపు నురుగు అడిగాను. పెద్దాయన డబ్బాలోంచి రెండు పెంకులు తీసి కాగితంలో చుట్టారు. ఇది ఏ జీవిదో తెలుసా అని అడిగాను. “జీవిదేందమ్మా, నురుగు గదా” అన్నారు. ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే, “మద్రాసు నుంచి” అన్నారు.